‘మెలాన్’ మాటలు విడగొట్టి చదివే పద్ధతి

తిరుపతిలో నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరినవాళ్లు చాలామంది మెలనోమా, మెలీనా వంటి మాటల్ని ఒక్కొక్కటిగా బట్టీ పడతారు. అక్కర్లేదు. గ్రీకులో ‘మెలాస్’ అంటే నలుపు, ‘మెలాన్’ దాని రూపమే. అది పక్కనపెట్టి మాట తోక చూడండి. ‘సైట్’ కణం, కాబట్టి మెలనోసైట్ చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణం. ‘గాస్టర్’ పొట్ట: చిత్తూరు మండీల్లో మగ్గిన తోతాపురి మీద ముసిరే చిన్న ఈగల్లో డ్రోసోఫిలా మెలనోగాస్టర్ ఒకటి, మగదానికి పొట్ట చివర నలుపు.

తోక మోసం చేసేది మెలనోమా దగ్గరే. ‘ఓమా’ అంటే గడ్డ. లైపోమా మామూలు కొవ్వు గడ్డ. మెలనోమా మాత్రం క్యాన్సరు. మనవాళ్లలో అరికాళ్లు, గోళ్ల కింద తప్పక చూడాలి. అలిపిరి మెట్లెక్కి దిగాక బొటనవేలి గోరు నల్లబడితే కంగారొద్దు. దెబ్బకు గడ్డకట్టిన రక్తం గోరుతోపాటే ముందుకు జరిగిపోతుంది. గోరు మొదలు నుంచి కొసదాకా ఉన్న చార వెడల్పవుతూ, పక్క చర్మానికీ పాకితే చర్మ వైద్యుడికి చూపించాల్సిందే.

మెలీనా అంటే తారులా జిగటగా, ఘాటు వాసనతో వచ్చే నల్ల విరేచనం. ఎక్కువగా కడుపులోనో, చిన్నపేగు మొదట్లోనో రక్తం కారుతున్నట్టు గుర్తు, ఆలస్యం చేయకూడదు. ఐరన్ మాత్రలకూ మలం నల్లబడుతుంది గానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. కేస్‌షీట్‌లో ‘నల్ల మలం’ అని వదిలేయకుండా జిగట, వాసన, వాడుతున్న మాత్రలు మూడూ రాయండి.

మెలటోనిన్ రంగు పదార్థం కాదు, నిద్రవేళను నడిపే హార్మోను. 1958లో అమెరికా చర్మ వైద్యుడు ఆరన్ లెర్నర్ బృందం వేరుచేసిన ఈ హార్మోను కప్ప చర్మాన్ని తెల్లబరుస్తుంది, పేరులో ‘మెలా’ అందుకే. డయాబెటిస్ మెల్లిటస్ అసలీ కుటుంబమే కాదు. అందులోని ‘మెల్’ అంటే లాటిన్‌లో తేనె.