పాచి తినే చేపను ఆకలికి చంపకుండా పెంచడం ఎలా?

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, అద్దాలకు పాచి పట్టగానే చాలామంది లాన్‌మోవర్ బ్లెన్నీ అనే పాచి తినే చేపను కొనుక్కొస్తారు. కొన్ని వారాలకు అద్దాలు తళతళలాడతాయి. ఆ తర్వాత చేప చిక్కిపోయి చస్తుంది. ఏదో జబ్బు చేసిందంటారు. జబ్బు కాదండీ, ఆకలి.

సామాను సంగతి తొందరగా చెప్పేస్తా. కనీసం 120 లీటర్ల ట్యాంకు, పెట్టి ఆరు నెలలు దాటినదై ఉండాలి. ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 25-26 డిగ్రీలు. పైన వల మూత, ఎందుకంటే ఈ చేప దూకుతుంది. ఈ చేప ట్యాంకుకు ఒక్కటే. మా అనంతపురం బోరు నీళ్లు వద్దే వద్దు. ఆర్వో, డీఐ అనే రెండు ఫిల్టర్లూ దాటించి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) సున్నాకు వచ్చాకే ఉప్పు కలపండి. నీళ్లను చల్లబరిచే చిల్లర్ లేకుండా ఇక్కడి ఎండాకాలంలో రీఫ్ మాటే ఎత్తొద్దు.

కొనేటప్పుడు పొట్ట చూడండి. లోపలికి పీక్కుపోయి ఉంటే సగం ధరకిచ్చినా తేవద్దు. ఇంటికొచ్చాక గంటసేపు చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలిపి, చేపను మాత్రమే వదలండి. కవర్లో నీళ్లు పారబోయండి.

ఇక అసలు పని, తిండి. ఈ చేప పళ్లు దువ్వెనలా ఉంటాయి, రాతి మీది పలచని పాచిని గీక్కుని తింటుంది. నీళ్లలో తేలే గింజల మేతను మొదట్లో తిండి అనే అనుకోదు. అద్దానికి క్లిప్పు పెట్టి నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) వేలాడదీయమని సలహా ఇస్తుంటారు. ఆ పద్ధతి ఎల్లో ట్యాంగ్ అనే చేపకు సరిపోతుంది, ఆ చేప ఆకును చించుకుంటుంది. బ్లెన్నీకి తిండి రాతి మీదే ఉండాలి.

అందుకే మిద్దె మీద ఒక బకెట్ పెట్టండి. ట్యాంకులోంచి మార్చి తీసిన ఉప్పునీళ్లు పోసి, ఐదారు రాళ్లు వేసి, ఎయిర్ పంపు తగిలించండి. సగం నీడ ఉండాలి, మన ఎండకు నేరుగా పెడితే నీళ్లు కాగిపోతాయి. ఆవిరైనంత మేరకు ఆర్వో నీళ్లే పోయండి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరిగిపోతుంది, దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే. రెండు మూడు వారాల్లో పాచి పడుతుంది. రాయిని ట్యాంకు వేడికి చల్లారనిచ్చి, పొద్దున్నే లోపల పెట్టండి. తెల్లబడ్డాక తీసి ఇంకోటి మార్చండి. వెంట్రుకల్లా పొడుగ్గా నాచు పెరిగిన రాయిని మాత్రం పెట్టొద్దు.

ఈలోగా ఉప్పు, నూనె లేని నోరిని నానబెట్టి, రాయికి రబ్బరు బ్యాండుతో చుట్టి అలవాటు చేయండి. ఒక్కో చేపకు వారం, ఒక్కోదానికి నెల పడుతుంది. వెనక అద్దం ఎప్పుడూ తుడవకండి, చూసేవాళ్లు ఏమన్నా సరే. వారానికోసారి పక్క నుంచి పొట్ట చూడండి. పగడాలను కొరుకుతుంటే ముందు ఇంకో పాచి రాయి పెట్టి చూడండి.