డోజర్ దిగకముందే: సీమ బీళ్లలో సౌర పనులకు జాగ్రత్తలు

థార్ ఎడారిలో నాలుగు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతంలో విద్యుత్ తీగలకు తగిలి ఏటా సుమారు 84,000 పక్షులు చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. ఆ మృతుల్లో దేశం మొత్తం మీద 150 కూడా మిగలని బట్టమేక పిట్టలు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఉన్నాయి. ఈ పక్షి కోసమే సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలను భూమిలోకి దించాలని ఆదేశించి, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది. మన వైపు చాలామంది దీన్ని రాజస్థాన్ గొడవగా చదివి పక్కన పెట్టారు. ఇదే పిట్ట కోసం 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పాటు చేశారన్నది, ఒకప్పుడు అక్కడ గుడ్లు పెట్టిన పిట్ట ఇప్పుడు కనిపించడమే లేదన్నది అప్పుడే మరచిపోయాం.

రోళ్లపాడు అభయారణ్యం విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. అదే పాత జిల్లాలో గని, శకునాల గ్రామాల వద్ద వెలసిన 1000 మెగావాట్ల సౌర పార్కు దాదాపు 2,400 హెక్టార్లు, అంటే ఆ అభయారణ్యానికి ఇంచుమించు నాలుగు రెట్లు. పాత అనంతపురం జిల్లాలో నంబులపూలకుంట, కడపలో మైలవరం పరిసరాల్లోనూ పెద్ద పార్కులు వచ్చాయి. సౌర విద్యుత్తు వద్దని నేను అనడం లేదు. భూమి చదును చేసే పని మొదలుపెట్టేవారు, ఆ పని ఒప్పుకునే కాంట్రాక్టర్లు, పొలం కౌలుకిచ్చే రైతులు ఏం చూసుకోవాలో మాత్రమే రాస్తున్నాను. వేటాడకూడదని, జంతువులను హింసించకూడదని అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోను.

అందరినీ ముంచే తప్పు ఒకటుంది. వేసవిలో, పట్టపగలు, ఒక్కపూట భూమి మీద తిరిగి, ‘వన్యప్రాణులు లేవు’ అని రాసి సంతకం పెట్టడమే ఆ తప్పు. ఏప్రిల్, మే నెలల్లో సీమ బీడు చూడటానికి రాళ్లు, ఎండుగడ్డి, రెండు మూడు తుమ్మచెట్లు తప్ప మరేమీ లేనట్టే ఉంటుంది. జీపు దిగిన మనిషికి పదకొండు గంటల ఎండలో జింక కనబడదు, నక్క కనబడదు, ఉడుము బొరియ వదిలి రాదు. అదే నేల మృగశిర కార్తె దాటి రెండు వానలు పడేసరికి గడ్డి లేచి, నేలమీదే గుడ్లు పెట్టే పిట్టలన్నిటికీ పురిటిల్లు అవుతుంది. బట్టమేక పిట్ట సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ గూడు కట్టకుండా నేల మీద. నేలనెమలి (లెస్సర్ ఫ్లోరికన్) వానాకాలపు గడ్డిలోనే ఎగిరెగిరి పడుతూ జోడును పిలుస్తుంది. తోడేళ్లు చలికాలంలో పిల్లలను పెడతాయి. రోళ్లపాడు గడ్డిలో రాత్రి తలదాచుకునే వలస గద్దలు వచ్చేది కూడా చలికాలంలోనే. వేసవిలో చేసిన సర్వేలో ఇవేవీ ఉండవు. సరిగ్గా ఇవన్నీ ఉండే రోజుల్లో డోజర్లు దిగుతాయి.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. కడప జిల్లాలో రాత్రిపూట తిరిగే అరుదైన పిట్ట కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు కనుక అంతరించిందనే లోకం నమ్మింది. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడి చేతికి రాత్రివేళ టార్చి వెలుగులో అది చిక్కింది. ఆ ఎనభై ఆరేళ్లూ పిట్ట అక్కడే ఉంది, చూసేవాళ్లే పగలు చూశారు. ఆ తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. అయినా తెలుగుగంగ కాలువ పనుల్లో యంత్రాలు దాని పొదల్లోకి దిగిన తర్వాతే కాలువ దారి మార్చవలసి వచ్చింది. పొదలు పోయాక దారి మార్చడం పిట్టకూ నష్టమే, ఖజానాకూ నష్టమే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సౌర ఫలకాల ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అక్కరలేదని కేంద్ర మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది. అటవీ భూమి, అభయారణ్యం వంటివి అడ్డు రాకపోతే మీ సర్వేను తిరిగి పరిశీలించే చెయ్యి మరొకటి ఉండకపోవచ్చు. చట్టం మాత్రం వదలదు. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే తుపాకీ ఒక్కటే కాదు, పక్షి గుడ్లను పాడుచేయడం, గూడును కదిలించడం కూడా వేట కిందికే వస్తాయి. మొదటి షెడ్యూలు ప్రాణి విషయంలో శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. కృష్ణజింక, తోడేలు, బట్టమేక పిట్ట ఆ షెడ్యూలులోవే. కేసు వచ్చినప్పుడు డోజర్ తోలినవాడు, అతన్ని పంపిన చిన్న కాంట్రాక్టరు ముందు నిలబడతారు, సర్వే రాసినవారు అప్పటికి మరో జిల్లాలో ఉంటారు.

కనుక సర్వే వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి, తెల్లవారుజామునా రాత్రీ జరగాలి. కలివికోడి కోసం చేసినట్టు మెత్తటి మట్టి పట్టీలు పరిచి ఉదయాన్నే అడుగుజాడలు చూడాలి, కెమెరాలు పెట్టాలి. అన్నిటికన్నా ముందు గొర్రెల కాపరులను అడగాలి. ఏ గుట్ట వెనుక తోడేలు గుహ ఉందో, ఏ కుంటకు జింకలు నీళ్లకు వస్తాయో వాళ్లకు తెలిసినంత ఏ నివేదికకూ తెలియదు. తోడేలు పేరు చెబితే వాళ్లకు కోపం వస్తుందన్నది నిజమే, గొర్రెలు పోగొట్టుకున్నది వాళ్లే కనుక ఆ కోపాన్ని తప్పుపట్టలేం. అందుకే ఆ గుహ జాడ నలుగురిలో అడగకూడదు, పొగబెట్టడానికి బయలుదేరేవారు కూడా అక్కడే ఉంటారు.

కంచె విషయంలో కింద జానెడు ఖాళీ వదలాలి, నక్క, ఉడుము, నక్షత్ర తాబేలు దూరిపోతాయి. జింకలకు అది చాలదు. వేల ఎకరాలకు ఒకే కంచె చుట్టేస్తే మందలు రెండుగా చీలిపోతాయి కనుక వంకల వెంబడి కంచె లేని దారి వదలాలి. కంచె లోపల చిక్కిన జింకను బైకుల మీద తరిమి బయటికి పంపాలని చూడటం దాన్ని చంపడమే. వెంటపడి అలసట చెందించిన జింక, ఒంటి మీద గాయం లేకపోయినా, కండరాలు దెబ్బతిని ఆ తర్వాత చనిపోతుంది. గేటు తెరిచి, మనుషులను దూరం జరిపి, రాత్రంతా వదిలేయండి.

తీగల మాట. బట్టమేక పిట్ట బరువైన పక్షి, ఎదురుగా సరిగ్గా చూడలేదు, తీగ కనబడేసరికి మలుపు తిరగలేదు. ఇతర పెద్ద పక్షులకూ ఇదే ప్రమాదం. పార్కు లోపలి తీగలన్నీ నేలలోకి దించండి. బయటి తీగలకు మెరిసే పక్షి సూచికలు తగిలించండి, ఊడిపోయినవాటిని ఏటా మార్చండి.

గడ్డి లేచాక కొత్త భూమి చదును మొదలుపెట్టకండి. వేసవిలో చదును చేసినా, అంతకు ముందటి వానాకాలపు సర్వే చేతిలో ఉన్నప్పుడే చేయండి. ఎండుగడ్డికి నిప్పు పెట్టకండి. కలుపు మందు కొట్టకండి, గొర్రెలను మేపనివ్వండి, వాటి యజమానికీ మేలు. కేబుల్ కందకాన్ని తవ్విన రోజే పూడ్చండి, కుదరకపోతే చివర వాలు కట్టి, ఉదయం పని మొదలుపెట్టే ముందు దిగి చూడండి, రాత్రి పడిన తాబేలు, రక్తపింజరి రెండూ ఉండవచ్చు. కూలీల శిబిరంలో మిగిలిన అన్నం బయట పారబోయకండి, దానికి వచ్చే ఊరకుక్కలు ఏడాదిలో చేసే నాశనం వేటగాడు కూడా చేయలేడు. రాత్రి లైట్లు కిందికి తిప్పండి. మట్టిరోడ్ల మీద వేగం తగ్గించండి. పొదలో ఒంటరిగా పడుకున్న జింకపిల్లను తల్లి వదిలేసిందనుకొని ఎత్తకండి, తల్లి దగ్గరలోనే ఉంటుంది. గుడ్డు కనబడితే ఫొటో కోసం దగ్గరికి వెళ్లకండి. చుట్టూ జెండాలు పాతకండి, కాకికి దారి చూపినట్టే. అక్కడ పని ఆపి అటవీ శాఖకు చెప్పండి. చనిపోయిన జంతువును దాచి పూడ్చకండి. ఫలకాల మెరుపును నీళ్లని భ్రమపడి కీటకాలు వాటి మీదే గుడ్లు పెడతాయి కనుక కుంటల ఒడ్డుకు ఫలకాలు తీసుకెళ్లకండి. కుంటను పూడ్చకండి.

సర్వే నివేదికలో తేదీ, వేళ, నడిచిన దారి, వెంట వచ్చిన కాపరి చెప్పిన మాట లేకపోతే, వేసవిలో పట్టపగలు ఒక్కపూట తిరిగి రాసిన కాగితమని అర్థం చేసుకోండి. దాని మీద సంతకం పెట్టకండి, దాన్ని నమ్మి యంత్రాన్ని పంపకండి.