పాత ఫోన్‌లో చార్జింగ్ నిలవట్లేదా? బ్యాటరీ మార్చేముందు ఇవి చూడండి

పొద్దున్న వంద చూపించిన ఫోన్ మధ్యాహ్నం భోజనాల వేళకే ఎర్రగీతలోకి వస్తే, షాపులో వినబడే మాట ఒకటే: ‘బ్యాటరీ పోయింది, మార్చేద్దాం’. నాలుగేళ్లు దాటిన ఫోన్‌కి అది నిజమే కావచ్చు. కానీ త్వరగా దిగడం, ఉన్నట్టుండి ఆగిపోవడం, అసలు ఎక్కకపోవడం మూడూ వేరువేరు జబ్బులు. మొదటిదానికీ చివరిదానికీ చాలాసార్లు బ్యాటరీతో పనే ఉండదు.

ముందు ఉబ్బు చూడండి. కవర్ తీసేసి ఫోన్‌ని అద్దం మీద వెల్లకిలా పెట్టి మూలల్లో నొక్కండి. కెమెరా బుడిపె వల్ల కాకుండా మధ్యలో బొంగరంలా ఊగినా, వెనక మూతకీ ఫ్రేముకీ మధ్య గోరు దూరినా, స్క్రీన్ అంచు లేచినా లోపల గ్యాస్ చేరినట్టే. ఇక చార్జింగ్ పెట్టొద్దు, నొక్కి సరిచేయొద్దు, పిన్నుతో పొడవొద్దు. స్విచాఫ్ చేసి షాపుకి తీసుకెళ్లడమే.

త్వరగా దిగిపోతుంటే

రాత్రి పడుకునేముందు ఫ్లైట్ మోడ్ పెట్టి శాతం రాసుకోండి. ఎనిమిది గంటల్లో రెండు మూడు దిగితే బ్యాటరీ మీద అనుమానం అక్కర్లేదు. మర్నాడు రాత్రి వైఫై ఆపేసి, మామూలుగా సిమ్ నెట్‌వర్క్ మీదే వదిలేయండి. అప్పుడు పదిహేను, ఇరవై దిగితే తినేస్తున్నది సిగ్నలో, వెనకాల నడిచే యాపో. లంక గ్రామాల్లో, టవర్‌కి దూరంగా ఉండే రొయ్యల చెరువు గట్ల మీద ఇది మామూలే. సిగ్నల్ పలచబడేకొద్దీ ఫోన్ తన రేడియో బలం పెంచి టవర్‌ని అందుకోవాలని చూస్తుంది. 5జీ వస్తూ పోతూ ఉండేచోట సిమ్ సెట్టింగ్స్‌లో 4జీకి మార్చేయండి. వాడని రెండో సిమ్ కూడా ఆపేయండి.

ఫ్లైట్ మోడ్‌లోనూ పది దాటి దిగిందనుకోండి, సేఫ్ మోడ్‌లో (మీరు వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ ఆన్ అయ్యే పద్ధతి) ఇంకో రాత్రి చూడండి. తేడా వస్తే దోషం మీరు వేసుకున్న యాప్‌ది. రాకపోతే బ్యాటరీ, లేదా ఫోన్ లోపలి బోర్డులో కరెంటు లీకేజీ.

ముప్పై శాతంలో ఆగిపోతుంటే

ఇది మాత్రం అచ్చంగా ముసలి బ్యాటరీ లక్షణం. చెరువు దగ్గర ఏరేటర్లన్నీ ఒకేసారి వేస్తే లైను చివరి ఇంట్లో బల్బు మసకబారుతుంది కదా, ఇదీ అంతే. లోపల నిరోధం పెరిగాక, ఎక్కువ కరెంటు లాగిన క్షణాన వోల్టేజీ పడిపోయి ఫోన్ ఆఫ్ అవుతుంది. నలభై శాతం దగ్గర టార్చ్ వేసి, స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి ఐదు నిమిషాలు వీడియో తీయండి. అంకె గబుక్కున పదికి జారినా, ఆగిపోయి చార్జర్ పెట్టగానే మళ్లీ ముప్పై చూపినా మార్చాల్సిందే. పూర్తిగా దించి ఆపకుండా వందకి ఎక్కించడం వల్ల అంకె సరవుతుందేమో గానీ, పోయిన సత్తా తిరిగి రాదు.

లెక్క కావాలంటే యూఎస్‌బీ మీటరు (చార్జర్‌కీ ఫోన్‌కీ మధ్య పెడితే ఎంత కరెంటు ఎక్కిందో చూపేది) వాడండి. 4000 ఎంఏహెచ్, 3.85 వోల్టుల బ్యాటరీలో పట్టేది 15.4 వాట్ అవర్లు. ఫోన్ దానంతట అది ఆగేదాకా దించి, స్విచాఫ్‌లోనే మామూలు 10 వాట్ల చార్జర్‌తో నింపండి. కొంత వేడిగా పోతుంది కనుక, బాగున్న బ్యాటరీకి మీటరు 17, 18 వాట్ అవర్ల దగ్గర ఆగాలి. 12 దగ్గరే ఆగితే మూడో వంతు పోయినట్టు. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లోని బ్యాటరీ హెల్త్ చూస్తే చాలు. 80 కన్నా తగ్గితే మార్చుకోవచ్చు.

ఎక్కకపోతే

ముందు కేబుల్ మార్చి చూడండి, తర్వాత చార్జర్. అప్పటికీ ఎక్కకపోతే చార్జింగ్ పిన్ను లోపలికి టార్చ్ కొట్టండి. జేబులోని నూలుపీచు గట్టిగా పేరుకుని కేబుల్‌ని చివరిదాకా వెళ్లనివ్వదు. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగేయండి. గుండుసూది వద్దు, షార్ట్ అవుతుంది.

మన తీరాన అసలు తంటా ఉప్పు తేమ. చెరువు పని చేసిన తడి చేత్తో కేబుల్ గుచ్చితే, కరెంటు పారే కాంటాక్టులు తుప్పు తిని ఆకుపచ్చగా, నల్లగా మారతాయి. మెత్తని బ్రష్‌కి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెడితే పిండి లోపలికి పోతుంది, అంతే లాభం. పచ్చదనం పోకపోతే మార్చాల్సింది చార్జింగ్ బోర్డు, బ్యాటరీ కాదు.

రోహిణి కార్తెలో బండి హోల్డర్‌కి తగిలించిన ఫోన్ చార్జింగ్ ఆపేస్తే కంగారు పడొద్దు. బ్యాటరీ 45 డిగ్రీల దగ్గరికి వేడెక్కితే ఫోనే ఆపుకుంటుంది. నీడలో చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పడుతుంది.

మార్పించేటప్పుడు

పాత బ్యాటరీ మీది కోడ్ చూసి అదే అడగండి. రెడ్‌మీ నోట్ 8కి బీఎన్46, అలా. కొత్తదాని మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. అదే సైజులో 6000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే నమ్మొద్దు. విప్పేముందు చార్జింగ్ పాతికలోపు ఉండాలి. జిగురు వేడితో వదిలించాలి గానీ స్క్రూడ్రైవర్‌తో పెకలించనివ్వకండి. ఒకసారి విప్పాక నీటి సీలు మునుపటిలా ఉండదు కనుక, చెరువు మీదికి వెళ్లేటప్పుడు ఫోన్‌ని జిప్ కవర్‌లో పెట్టుకోండి. తీసిన బ్యాటరీ కనెక్టర్‌కి టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. చెత్తబుట్టలో గానీ పంట కాలువలో గానీ వేయొద్దు.