పైపు పొగాకు రుచి తేడాగా ఉందా? లోపం ఆకుదో, కాల్చే తీరుదో తేల్చుకునే పద్ధతి

కొత్త పైపు పొగాకు డబ్బా తెరిచి, ఒక్క బౌల్ (పైపులో పొగాకు నింపే గిన్నె) కాల్చి, నాలుక చురుక్కుమనగానే "ఈ బ్లెండ్ పనికిరాదు" అని తేల్చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. బ్లెండ్ అంటే రకరకాల ఆకులు కలిపిన పొగాకు. చాలాసార్లు ఆ తీర్పు తొందరపాటే. ఆకులో తేమ ఎక్కువున్నా, పైపులో పాత వాసన మిగిలినా, గబగబా లాగినా ఎంత మంచి బ్లెండయినా చెడ్డగానే తోస్తుంది. ఈ మూడూ సరిచూసుకున్నాకే ఆకును తప్పుపట్టాలి. అందుకే కింద ప్రతి సమస్యలోనూ ముందు కాల్చే తీరు, ఆ తర్వాతే ఆకు.

ముందే ఒక మాట. పైపు పొగను గుండెల నిండా పీల్చకపోయినా నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఉంటుంది. ఇది ఇప్పటికే పైపు అలవాటున్న పెద్దవాళ్ల కోసం. అలవాటు లేనివాళ్లు దీన్ని చదివి మొదలుపెట్టవద్దు.

నాలుక మండుతోంది

అందరికన్నా ఎక్కువమంది చెప్పేది ఇదే. మంట రెండు రకాలు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. కాబట్టి మంట ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది అన్నది ముందు గమనించండి.

పొగ నేరుగా తగిలే నాలుక కొన మీదే మంట ఉండి, బౌల్ సగానికి వచ్చేసరికి పెరిగితే అది వేడి వల్ల వచ్చింది. ఆకులోని నీరు ఆవిరై పొగతోపాటు నోట్లోకి వస్తుంది, నాలుకను కాల్చేది ఆ ఆవిరే. డబ్బాల్లో వచ్చే పొగాకు చాలావరకు కాల్చడానికి కావలసినదానికన్నా తడిగానే ఉంటుంది. చిటికెడు ఆకు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి వదలండి. ముద్దలా అంటుకునే ఉంటే ఇంకా ఆరాలి. పోగులు మెల్లగా విచ్చుకుని దేనికది విడిపోతే సరిపోయింది. నొక్కగానే పొడైపోతే ఎక్కువ ఆరిపోయినట్టు. అంకెల్లో చెప్పాలంటే 12 నుంచి 14 శాతం తేమ చాలా బ్లెండ్లకు నప్పుతుంది గానీ, దానికి మీటర్ కొనక్కర్లేదు, వేళ్లు చాలు.

ఆరబెట్టేటప్పుడు తెల్లకాగితం మీద పలుచగా పరిచి నీడలో ఉంచండి. ఎండలో పెడితే తేమతోపాటు వాసనా పోతుంది. ఎంతసేపు అంటే ఊరిని బట్టి, కాలాన్ని బట్టి. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో గంట పరిచినా తేమ వదలదు, ఏసీ గదిలో పెట్టాల్సి వస్తుంది. అదే మే నెలలో అనంతపురంలో ఫ్యాను కింద పావుగంటకే గలగలలాడుతుంది. అందుకని పది నిమిషాలకోసారి చిటికెడు నొక్కి చూస్తూ ఉండండి.

ఆకు సరిగ్గా ఆరినా మంట వస్తుంటే లాగే వేగాన్ని చూడాలి. ఆరిపోతుందేమోనన్న టెన్షన్‌తో చాలామంది దమ్ము మీద దమ్ము లాగుతారు. బౌల్‌ను చెంపకు ఆనించి చూడండి. ఆనించలేనంత వేడిగా ఉంటే పక్కన పెట్టి, చల్లారాక మళ్లీ ముట్టించండి. పైపు ఆరిపోవడం తప్పేమీ కాదు. వర్జీనియా రకం ఆకు ఎక్కువున్న బ్లెండ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆ ఆకులో చక్కెర ఎక్కువ, తొందరపడితే వేడెక్కిపోయి తీపి పోయి మంటే మిగులుతుంది.

ఇక రెండో రకం. ఆకు ఆరి ఉంది, మెల్లగానే లాగుతున్నారు, అయినా మొదటి దమ్ముల్లోనే బుగ్గల లోపలితో సహా నోరంతా చురుక్కుమంటోంది. ఇది ఆకు గుణం. వేడిగాలితో క్యూర్ చేసిన (ఆరబెట్టి పదును చేసిన) వర్జీనియా పొగ కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది. గాలికి ఆరిన బర్లీ అనే రకం, నల్ల ఆకుల పొగ క్షార గుణం వైపు ఉంటుంది. క్షార గుణమున్న పొగలోని నికోటిన్ నోటి పొరల్లోంచే లోపలికి దిగిపోతుంది. చుట్ట తాగేవాళ్లకు పొగ లోపలికి పీల్చకుండానే మత్తు తెలిసేది అందుకే. ఈ రెండో రకం మంట ఆ క్షార గుణం వల్లే, ఆరబెడితే తగ్గదు. అదే పొగాకులో కొంచెం ఉత్త వర్జీనియా కలిపి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ బ్లెండ్ మీ నోటికి పడదు, వదిలేయడమే. ఒక బ్లెండ్ మీద ఇలా తీర్పు చెబితే అది న్యాయం.

మంటెక్కిన నాలుకతో ఇంకే బ్లెండూ రుచి చూడకండి. రెండు మూడు రోజులు ఆగాలి.

డబ్బాలో ఘుమఘుమ, నోట్లో ఏమీ లేదు

వెనిలా, చెర్రీ, చాక్లెట్ వాసనలతో వచ్చే అరోమాటిక్ బ్లెండ్లలో ఇది మామూలే. ఆ పరిమళాన్ని ఆకు తయారయ్యాక చివర్లో చల్లుతారు. నిప్పు తగలగానే అందులో చాలా భాగం గాల్లోకి పోతుంది. గదిలో కూర్చున్నవాళ్లకు తెలిసినంతగా కాల్చేవాళ్లకు తెలియదు. అరోమాటిక్‌ను మెచ్చుకోవాలన్నా తిట్టాలన్నా, బౌల్ సగమయ్యాక నోట్లో ఏం మిగిలిందో చూసి చెప్పాలి. వీటిలో కొన్నింటికి తేమ నిలిచేందుకు ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. ఎంత ఆరబెట్టినా జిగట వదలకపోతే కారణం అదే. అలాంటిదాన్ని వదులుగా నింపి, ఓపిగ్గా కాల్చడం తప్ప చేయగలిగింది లేదు.

పరిమళం చల్లని బ్లెండ్ కూడా చప్పగా ఉంటే ముందు భోజనాన్ని అనుమానించండి. ఆవకాయ అన్నం తిన్న గంటకు, మిర్చి బజ్జీ తిన్న వెంటనే లేత వర్జీనియా రుచి తెలియమంటే ఎలా తెలుస్తుంది? కారం నాలుకను మొద్దుబారుస్తుంది. కాఫీ చేదూ అంతే, కాసేపు వదలదు. బ్లెండ్‌ను తూకం వేయాలనుకున్న రోజున పొద్దున టిఫిన్ చప్పగా తిని, గంట ఆగి, మంచినీళ్లతో నోరు పుక్కిలించి కూర్చోండి.

ఆకు ఎక్కువ ఆరిపోయినా చప్పబడుతుంది. గిన్నెలో పరిచి, పైన బాగా పిండిన తడిగుడ్డను ఆకుకు తగలకుండా కప్పి, గంటకోసారి చూసుకోండి. డబ్బాలో బంగాళాదుంప ముక్కో ఆపిల్ ముక్కో వేసే పద్ధతి మాత్రం వద్దు, బూజు పట్టేది అక్కడే.

ఇవేవీ కాకపోతే ముక్కుతో రుచి చూడడం లేదని అర్థం. తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుకకు తెలుస్తాయి. మిగతాది చాలావరకు ముక్కు పనే. కొంచెం పొగ నోట్లో ఉంచుకుని, గుండెల్లోకి లాగకుండా, నోరు మూసి సన్నగా ముక్కులోంచి వదలండి. బౌల్ మొత్తానికి నాలుగైదు సార్లు చాలు, ఎక్కువైతే ముక్కు కూడా మండుతుంది. గడ్డివాసనో, ఎండుపండ్ల వాసనో, కోకో వాసనో అప్పుడు తెలుస్తుంది.

ఏదో రుచి ఉంది, ఏ ఆకుదో తెలియడం లేదు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇక్కడ ఉంది. మిక్స్‌చర్‌ను తెల్లకాగితం మీద పరిచి, మంచి వెలుతురులో, అగ్గిపుల్లతో పోగులను రంగును బట్టి వేరు చేయండి. ఫ్లేక్ (నొక్కి పలకలుగా కోసిన పొగాకు) అయితే ముందు వేళ్లతో విడదీయండి. నిమ్మపండు పసుపు నుంచి ఇటుక ఎరుపు దాకా ఉన్నవి దాదాపు అన్నీ వర్జీనియా. మెరుపు లేని లేత గోధుమరంగు పోగులు బర్లీ. బొగ్గులా నల్లగా ఉండి వాసన చూస్తే కట్టెల పొగ కొట్టేది లటాకియా. ముదురు రంగులో, వేళ్లకు కాస్త అంటుకుంటూ, పులిసిన పండ్ల వాసన వేసేది పెరిక్. ఆకుపచ్చ ఛాయ కలిసిన గోధుమరంగులోని పొట్టి తునకలు ఓరియంటల్ (టర్కీ, గ్రీసు వైపు చిన్న ఆకుల రకం) అయ్యుండొచ్చు. ఒక్క జాగ్రత్త: ఆవిరి పట్టి నల్లబరిచిన కావెండిష్ అనే పొగాకు కూడా నల్లగానే ఉంటుంది. దానికి పొగ వాసన ఉండదు.

ఇప్పుడు ఒక్కో కుప్పను విడిగా వాసన చూడండి. చాలినంత ఉంటే చిన్న పైపులో విడిగా కాల్చి చూడండి.

వర్జీనియా తీపికి కారణం క్యూరింగ్. ఒంగోలు చుట్టుపక్కల, జంగారెడ్డిగూడెం వైపు బ్యారన్లలో (ఆకు ఆరబెట్టే గదుల్లో) వేడిగాలితో ఐదారు రోజుల్లో ఆకు ఆరిపోతుంది. ముందు పసుపు తిప్పుతారు, తర్వాత ఆకు ఆరుతుంది, చివర ఈనె ఆరుతుంది. అంత త్వరగా ఆరడంతో చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. బర్లీ వారాల తరబడి గాలికి ఆరుతుంది, ఆ లోపల చక్కెర దాదాపు ఖర్చైపోతుంది. అందుకే బర్లీలో తీపి వెతకకూడదు. వేరుశనగ పొట్టు, కోకోలాంటి వగరు రుచి దానిది. బర్లీకి తీపి తగిలితే అది పైన పట్టించిన పాకమే. 1864లో అమెరికాలోని ఒహాయోలో బయటపడ్డ వైట్ బర్లీ రకానికి ఆ పాకాన్ని పీల్చుకునే గుణం మరీ ఎక్కువ.

లటాకియా పేరు సిరియా రేవుపట్నానిది. ఇప్పుడు బ్లెండ్లలో ఎక్కువగా కనిపించేది సైప్రస్ ఆకు. ఓరియంటల్ రకం ఆకునే కట్టెల పొగలో పెట్టి నల్లబరుస్తారు. పెరిక్‌ది అమెరికాలోని లూసియానా, అక్కడి సెయింట్ జేమ్స్ పారిష్. పీపాల్లో ఆకును బిగించి, బరువు కింద అణిచి, సుమారు ఏడాది పాటు పులియబెడతారు. బ్లెండ్‌లో కొంచెమే ఉంటుంది, అయినా ముక్కులో మిరియాల ఘాటు, గొంతులో అంజీరపండు లాంటి పులితీపి దాని వల్లనే. మిరియాల ఘాటు తగిలిందని ఆ బ్లెండ్‌ను "మంట" అని రాసుకుంటే పొరపాటు. ఘాటు ముక్కులో తెలిసి పోతుంది, మంట నాలుక మీద నిలబడుతుంది.

గుడగుడ శబ్దం, మాటిమాటికీ ఆరిపోవడం

రెండూ చాలావరకు తడి ఆకు వల్లే. లేదా మరీ బిగించి నింపడం వల్ల. నింపాక ముట్టించకుండా ఒకసారి లాగి చూడండి. గాలి కొద్దిపాటి అడ్డుతో రావాలి. బలం పెట్టి లాగాల్సి వస్తే ఖాళీ చేసి మళ్లీ నింపండి. మొదటిసారి ముట్టించగానే ఆకు పైకి ఉబ్బుతుంది. ట్యాంపర్‌తో (పొగాకును అణిచే చిన్న కడ్డీతో) మెల్లగా అణిచి రెండోసారి ముట్టించండి. గుడగుడ వినిపిస్తే కాలుస్తుండగానే స్టెమ్‌లోంచి (నోట్లో పెట్టుకునే గొట్టంలోంచి) పైప్ క్లీనర్ దూర్చి నీటిని తీసేయొచ్చు. వేడి మీద స్టెమ్ ఊడదీయకండి, బిగింపు పాడవుతుంది.

ఏ బ్లెండ్ కాల్చినా ఒకటే రుచి

ఇది పైపు జబ్బు. చాలా పైపులు చేసే బ్రయర్ అనే పొద వేరు కర్ర, అందులో పేరుకున్న మసిపొర పాత పొగాకు వాసనను పట్టుకుని వదలవు. అలా మొండిగా పట్టుకునేవాటిలో లటాకియా ఒకటి. ఇంగ్లండ్‌లోని కెండాల్ వైపు తయారయ్యే, గులాబీ, టాంకా అనే సువాసన గింజల పరిమళం పట్టించిన పొగాకు ఇంకొకటి. దాని తర్వాత అదే పైపులో ఏం కాల్చినా సబ్బు వాసనే.

నిర్ధారించుకోవడం తేలిక. అదే బ్లెండ్‌ను కొత్త కార్న్‌కాబ్ పైపులో కాల్చండి. మొక్కజొన్న కండెతో చేసే ఈ పైపులను అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 1869 నుంచి తయారు చేస్తున్నారు, ధరా తక్కువే. అందులో రుచి మారితే తప్పు పాత పైపుది. బ్లెండ్లను పోల్చి చూసేవాళ్ల దగ్గర ఒక కార్న్‌కాబో, మీర్‌షామో (మెత్తని తెల్లటి ఖనిజాన్ని చెక్కి చేసిన పైపు) అందుకోసమే విడిగా ఉండాలి. మొదటి ఒకటి రెండు బౌళ్లలో కండె రుచి తగులుతుంది, అవి లెక్కలోకి తీసుకోకండి.

బ్రయర్ పైపును బాగు చేయాలంటే మసిపొరను పలుచన చేసి, బౌల్‌లో దూది నింపి, వోడ్కాలాంటి రంగు, వాసన లేని మద్యంతో తడిపి రాత్రంతా ఉంచండి. పొద్దునకు దూది గోధుమరంగుకి తిరుగుతుంది. తర్వాత పైపును కొన్ని రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. మీర్‌షామ్‌కు ఈ వైద్యం చేయకూడదు.

చెమటలు, కడుపులో తిప్పడం

ఇది రుచి సమస్య కాదు, నికోటిన్ ఎక్కువైంది. ఎక్కిళ్లు కూడా ఒక హెచ్చరికే. వెంటనే పైపు పక్కన పెట్టి గాలి తగిలేచోట కూర్చోండి. మంచినీళ్లు తాగి, కొంచెం తీపి ఏదైనా తినండి. వాంతులు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఖాళీ కడుపుతో కాల్చడం, నల్ల ఆకు, నిప్పు పొగలో క్యూర్ చేసిన కెంటకీ ఆకు ఎక్కువున్న బ్లెండ్‌ను పెద్ద బౌల్‌లో నింపడం దీనికి ముఖ్య కారణాలు. అలాంటి ఘాటైన బ్లెండ్‌ను రుచి చూసేటప్పుడు సగం బౌలే నింపండి. ఒక రోజున రెండు బ్లెండ్లు పోల్చాలంటే లేతది ముందు, ఘాటైనది తర్వాత.

డబ్బా తెరవగానే పుల్లటి వాసన

వెనిగర్‌లాగానో, టమాటా సాస్‌లాగానో ఉంటే ఖంగారొద్దు. ఎర్ర వర్జీనియాలో, నొక్కి మాగబెట్టిన ఆకులో అది సహజం, అరగంట గాలి తగిలితే తగ్గుతుంది. ముక్కు అదిరే అమోనియా వాసనైతే ఆకు ఇంకా మాగాలి. డబ్బాను ఒకటి రెండు రోజులు తెరిచి పెట్టి చూడండి.

ఇదే బ్లెండ్, పోయినసారి ఉన్న రుచి ఇప్పుడు లేదు

డబ్బా వయసు చూడండి. మూత తీయని డబ్బాలో వర్జీనియా ఏళ్ల తరబడి మాగి గుండ్రంగా, తియ్యగా మారుతుంది. లటాకియా పొగ రుచి మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది. కాబట్టి పాత డబ్బాను కొత్తదానితో పోల్చి "ఫార్ములా మార్చేశారు" అనడం తగదు. పైగా పొగాకు పంట. ఒక ఏడాది ఆకు ఇంకో ఏడాది ఆకులా ఉండదు.

ఆకు మీద తెల్లగా కనిపిస్తే టార్చి వేసి దగ్గరగా చూడండి. గట్టిగా, మిలమిలలాడే పలుకుల్లా ఉంటే స్ఫటికాలు, కాల్చుకోవచ్చు. దూదిలా, సాలెగూడులా పోగులుండి, ముక్కిన గుడ్డ వాసన వస్తే బూజు. బూజు పట్టిన భాగం తీసేసి మిగతాది వాడుకుందామనుకోవద్దు, మొత్తం పారేయండి. ఏదో తేల్చుకోలేకపోయినా అంతే. ఆ పొగాకు ఉంచిన డబ్బానో సీసానో వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే వేరే పొగాకు పోయండి.