గేమ్స్ పీరియడ్, 4వ పాఠం: కోర్టు వంకర పోకుండా గీయడం

ఈ వారం ఖోఖో మొదలుపెట్టాలి. వాయిదా వేస్తున్నాను. పోయినసారి చెప్పిన కబడ్డీ కోర్టు చాలా బళ్లలో కుదరలేదు. అది సరిచేయకుండా ముందుకు వెళ్తే ఖోఖోలోనూ ఇదే తిప్పలు.

పెందుర్తి నుంచి ఒక టీచర్ గారు ఫోటో పంపారు. పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు సరిగ్గానే ఉన్నాయి, కోర్టు మాత్రం ఒక పక్కకు ఒరిగిపోయింది. గాజువాకలో ఇంకొకరు ప్రహరీ వెంట మొదటి గీత, గేటు వెంట రెండోది గీశారు. అవతలి మూలకు వెళ్లేసరికి గీతలు కలవలేదు. గోడను నమ్మొద్దు. మన బళ్ల ప్రహరీలు ఉన్న స్థలాన్ని బట్టి కట్టినవి, మూలమట్టం పెట్టి కట్టినవి కావు.

కానీ అసలు దొంగ తాడు. బట్టలారేసే నైలాన్ తాడు వాడారు కదా? ఏడో తరగతి పిల్లాడు బలంగా లాగితే అది సాగుతుంది, అవతలి గీత దగ్గర ఐదో తరగతి పిల్ల మెల్లగా పట్టుకుంటే సాగదు. ఒకే తాడు, రెండు కొలతలు. కొబ్బరి తాడు ఇంకా కష్టం, తడిస్తే ఒకలా, ఎండితే ఒకలా ఉంటుంది. పైగా కొందరు మీటరు మీటరుకీ ముడి వేశారు. కొలిచాక ముడి వేస్తే ఆ ముడి కొంత తాడును మింగేస్తుంది. ఎనిమిది ముడులు పడేసరికి ఎనిమిది మీటర్లు ఎక్కడుంటాయి? కొలత తప్పిందని పిల్లల మీద కేకలేయకండి, తప్పు వాళ్లది కాదు.

పాత కరెంటు వైరు తెచ్చుకోండి, లోపల రాగి తీగ ఉన్నది. ముడులు వద్దు. గుర్తు దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టండి. వైరును మేకుకు చుట్టకుండా, ఆ గుర్తును మేకు మధ్యకు ఆనించి పట్టించండి.

నేను అందరికీ మహిళల కొలత 12×8నే గీస్తాను. 2025 ఆగస్టులో ప్రో కబడ్డీ సీజన్ మన విశాఖలోనే మొదలైంది కాబట్టి మగపిల్లలు మగవాళ్ల కొలత 13×10 కావాలంటారు. ఒప్పుకోకండి. మనకు చోటు చాలదు. అదీకాక 12×8ని నడిమి గీతతో రెండు చేస్తే ఒక్కో సగం 6×8 అవుతుంది, దాని మూల నుంచి మూలకు సరిగ్గా 10 మీటర్లు. వైరు మీద 6, 8, 10 గుర్తులుంటే చాలు. ముందు నడిమి గీత 8 మీటర్లు వేయండి. రెండు చివర్ల నుంచి 6 మీటర్లు వెళ్లి, ఎదురు చివరకు 10 వచ్చేదాకా మేకు జరపండి. రెండో సగమూ అంతే. చివర్లో మొత్తం కోర్టు ఐమూలలు (మూల నుంచి ఎదురు మూలకు) రెండూ కొలవండి, ఒక్కోటి 14 మీటర్ల 42 సెంటీమీటర్లు రావాలి.

నడిమి గీత నుంచి 3 మీటర్లకు బాక్ లైన్ (కూతకు వచ్చినవాళ్లు దాటాల్సిన గీత), ఇంకో మీటరుకు బోనస్ లైన్ (అదనపు పాయింటు గీత). ఆ 8 మీటర్ల లోపలే రెండు పక్కలా మీటరు చొప్పున లాబీ అనే పట్టీ.

గీతకు ముగ్గుపిండి చాలు. పొడి సున్నం వద్దేవద్దు. మధ్యాహ్నం సముద్రపు గాలి వీస్తే నేరుగా పిల్లల కళ్లలో పడుతుంది.

ఆరిలోవ నుంచి ఒకరు అడిగారు, బడి ముందంతా సిమెంటే, ఎలా అని. సిమెంటు మీద కబడ్డీ పట్టులు ఆడించొద్దు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. టీవీలో ఆడేది మ్యాట్ మీద. అవే గీతల్లో తాకి వెనక్కి రావడం వరకే ఆడించండి.

‘పీఈటీ (వ్యాయామ టీచరు) లేరు, మాకెందుకు ఇదంతా’ అన్నవారికి ఒక మాట. 2009 విద్యా హక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. వ్యాయామ శిక్షకుడి దగ్గరకొచ్చేసరికి 6 నుంచి 8 తరగతుల్లో 100 మంది దాటితేనే, అదీ పార్ట్‌టైమ్. అంటే ప్రాథమిక బడిలో తరగతి టీచరు ఆడించకపోతే ఆ పిల్లలను ఆడించేవాళ్లే ఉండరు. నాకు బాధ కలిగించేది అదే. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం నుంచి ఆట వస్తువుల డబ్బు వస్తే బంతి కంటే ముందు 30 మీటర్ల కొలత టేపు కొనండి.

అభ్యాసం: ఒక్క పీరియడ్‌లో కోర్టు పిల్లల చేతే రెండుసార్లు గీయించండి. మొదటిసారి చెబుతూ, రెండోసారి మీరు నోరు విప్పకుండా. ఐమూలల తేడా ఐదు సెంటీమీటర్లు దాటితే చెరిపి మళ్లీ. ఖోఖోకు 27×16 మీటర్లు కావాలి. మీ ఆవరణ అడుగులతో కాకుండా అదే వైరుతో కొలిచి నాకు రాయండి. చాలని చోట ఎంత కుదించాలో వచ్చే పాఠంలో చెబుతాను.