ఆన్‌లైన్‌లో పాత రూపాయికి బిడ్ వేసేముందు లిస్టింగ్‌లో (అమ్మకపు ప్రకటనలో) చూడాల్సినవి

ముందు శీర్షిక మానేసి ఫొటో చూడండి. అమ్మేవాళ్లందరూ మోసగాళ్లు కారు. తాతగారి పెట్టెలో దొరికినదానికి వీడియోలు చూసి రేటు కట్టేవాళ్లూ ఉంటారు. ఎవరి దగ్గర కొన్నా పోయేది మన డబ్బే.

"మింట్ మార్క్ లేని ఎర్రర్ నాణెం" అంటే తొందరపడకండి. మింట్ మార్క్ అంటే ఏ టంకశాలలో కొట్టారో చెప్పే గుర్తు, ఎర్రర్ నాణెం అంటే తయారీలో తప్పు దొర్లినది. తేదీ కింద నక్షత్రం హైదరాబాద్‌ది, వజ్రం ముంబైది, చుక్క నోయిడాది. కలకత్తా టంకశాల అసలు గుర్తే వేయదు.

రాముడి పట్టాభిషేకం బొమ్మతో "ఈస్టిండియా కంపెనీ 1818" అని ఉన్నవి కంపెనీ నాణేలు కావు, ఈమధ్య తయారైన బిళ్లలు. "కంపెనీ దేవుళ్ల బొమ్మలే వేయలేదు" అనే వాదన మాత్రం నమ్మకండి. మద్రాసులో కొట్టిన కంపెనీ వరహాల మీద విష్ణువు ఉన్నాడు.

"1862 విక్టోరియా రూపాయి, మొదటి ఏడాది" అని ఊరిస్తారు. 1862 తేదీతోనే 1874 దాకా కొట్టారు. వెనకవైపు చుక్కల లెక్కను బట్టి రకాలు విడదీస్తారు కాబట్టి ఆ వైపు దగ్గరి ఫొటో అడగండి. "1947 వెండి రూపాయి" అన్నది ఉత్త మాట: అది నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. 1939 రూపాయి నిజంగానే అరుదు. అందుకే 1938లోని 8ని చెక్కి 9 చేస్తారు. చివరి అంకె చుట్టూ గీరిన జాడ, మిగతా అంకెలతో పోలిస్తే ఎత్తులో తేడా వెతకండి.

ఈ పాత రూపాయి బరువు 11.66 గ్రాములు, అరిగితే కాస్త తగ్గుతుంది. కాటా మీద నాణెం పెట్టి తీసిన ఫొటో అడగండి. బరువు సరిపోయినంత మాత్రాన వెండి అని కాదు. పార్సిల్ అందాక, వాపసు గడువు దాటకముందే ఈ పరీక్ష చేయండి: 0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. 91.7 శాతం వెండి అయితే సుమారు 1.13 గ్రాములు చూపుతుంది. 1940–45 నాటి సగం వెండి రూపాయికి 1.22 దగ్గర వస్తుంది. రాగి-నికెల్ నకిలీ అదే బరువుంటే 1.31. నాణేనికి గాలి బుడగ అంటుకుంటే అంకె పెరుగుతుంది; వేలితో తుడిచి మళ్లీ ముంచండి. అంచు మీద గీతల మధ్య అతుకు కనబడితే అది అచ్చులో పోసిన నకిలీ నాణెం, నీళ్ల పరీక్షతో పనిలేదు.

ధర కోసం అడుగుతున్న రేట్లు చూడకండి, అమ్ముడైన లిస్టింగ్‌లు చూడండి. 2012 వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్లకు లక్షలు రాసుకోవడానికి ఖర్చేముంది?

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి: వందేళ్లు దాటిన నాణేన్ని 1972 పురావస్తు చట్టం ప్రకారం అనుమతి లేకుండా భారత్ దాటించకూడదు. ఇక మీ నాణెం కొంటామంటూ రిజర్వ్ బ్యాంక్ పేరుతో ముందుగా పన్ను, కమీషన్ అడిగితే ఫోన్ పెట్టేయండి. అలాంటివాటితో తనకు సంబంధం లేదని బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.