వర్డ్‌ప్రెస్ ఉన్న సర్వర్‌లోనే గిటీ: నా అనుభవం

మా సర్వర్‌కు ఉన్నది 2 జీబీ ర్యామ్; అందులోనే ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, మరియాడీబీ డేటాబేసులతో వర్డ్‌ప్రెస్ సైటు నడుస్తోంది. కోడ్‌ను, దాని మార్పుల చరిత్రను దాచే గిట్ రిపాజిటరీలను కూడా అక్కడే ఉంచాలనుకున్నాను. ఇందుకు వాడే గిట్‌ల్యాబ్ ఆ మెమరీలో ఇమడదు కాబట్టి, అదే పని చేసే, గో భాషలో రాసిన, ఒకే బైనరీ ఫైలుగా దొరికే గిటీని ఎంచుకున్నాను. డేటాబేసుకు ఎస్‌క్యూలైట్ సరిపోయింది.

80, 443 పోర్టులు అప్పటికే ఇంజిన్‌ఎక్స్ చేతిలో ఉన్నందువల్ల గిటీని దాని డిఫాల్ట్ పోర్టు 3000లోనే ఉంచి, బయటివారు నేరుగా చేరకుండా సర్వర్ అంతర్గత చిరునామా 127.0.0.1కు పరిమితం చేసి, కొత్త సబ్‌డొమైన్ నుంచి ప్రాక్సీ పాస్ (వచ్చిన రిక్వెస్టులను ఇంజిన్‌ఎక్స్ గిటీకి అందించే సెట్టింగు) ద్వారా కలిపాను. గిటీ సెట్టింగులలోని రూట్ యూఆర్ఎల్‌లో ఆ సబ్‌డొమైన్ రాయడం తప్పనిసరి. లేకపోతే పేజీలు తెరుచుకున్నా రిపాజిటరీని కాపీ చేసుకునే క్లోన్ లింకులు పనికిరావు.

అసలు చిక్కు ఆ తర్వాత ఎదురైంది. చిన్న మార్పులు సాఫీగా పుష్ అవుతున్నా (సర్వర్‌కు చేరుతున్నా), బొమ్మలతో నిండిన పాత థీమ్ రిపాజిటరీని హెచ్‌టీటీపీఎస్ ద్వారా పంపగానే 413 ఎర్రర్ వచ్చేది. గిటీ లాగ్‌లో ఆ రిక్వెస్టు జాడే లేదు. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ తెరిస్తే, పంపిన డేటా పరిమితిని మించిందని స్పష్టంగా ఉంది. ఒక రిక్వెస్టులో ఎంత డేటా పంపవచ్చో నిర్ణయించే ఇంజిన్‌ఎక్స్ సెట్టింగు క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ డిఫాల్ట్ విలువ 1 ఎంబీ మాత్రమే. దానిని గిటీ సబ్‌డొమైన్ సర్వర్ బ్లాకులో మాత్రమే 512 ఎంబీకి పెంచి, కాన్ఫిగరేషన్‌ను పరీక్షించి రీలోడ్ చేయగానే పుష్ పూర్తయింది. అందరికీ తెరిచి ఉండే వర్డ్‌ప్రెస్ సైటుకు అంత పరిమితి ఇవ్వడం నాకు సబబుగా తోచలేదు. దాని బ్లాకును ముట్టుకోలేదు.